పికప్ పవర్ స్టీరింగ్ ప్రెషర్ హోస్ చెమరుస్తోంది: మార్చడం, ఆయిల్, గాలి తీయడం

#1 నాలుగు_చక్రాలు

అందరికీ నమస్తే. బండి డబుల్ క్యాబ్ డీజిల్ పికప్. హైడ్రాలిక్ స్టీరింగ్, బెల్టుతో తిరిగే పంపు, కింద స్టీరింగ్ గేర్‌బాక్స్ (ర్యాక్ కాదు). పంపు నుంచి గేర్‌బాక్స్‌కి పోయే హోస్‌కి మధ్యలో రబ్బరు, రెండు చివరలా ఇనప పైపు. రబ్బరూ పైపూ కలిసే క్రింపు (రెంటినీ నొక్కి పట్టే లోహపు పట్టు) దగ్గర నల్లటి జిడ్డు కడుతోంది. తుడిస్తే రెండు రోజుల్లో మళ్లీ అంతే. స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో మట్టం వారానికి వేలు మందం తగ్గుతోంది, ఆయిల్, ఎరుపు పోయి ముదురు గోధుమ రంగుకు తిరిగింది. స్టీరింగు చివరిదాకా తిప్పితే పంపు మూలుగుతోంది.

అడగాల్సినవి:
హోస్ ఒక్కటే మారిస్తే చాలా?
పాత పైపులకే కొత్త రబ్బరు క్రింపు చేయిస్తే నిలుస్తుందా?
ఏ ఆయిల్ పోయాలి, ఎంత?
గాలి తీయడం ఎలా?

#2 బార్_నూరు

హోస్ కొనేముందు ఒక హెచ్చరిక. ఇంజిన్ నడుస్తుండగా ఆ హోస్ మీద చెయ్యి పెట్టి లీకు వెతకొద్దు. బండి నేరుగా నిలబడి ఉన్నప్పుడు ఆ గొట్టంలో ఒత్తిడి తక్కువే. స్టీరింగు చివరిదాకా తిప్పి పట్టుకుంటే మాత్రం రిలీఫ్ వాల్వు (ఒత్తిడి మితిమీరకుండా తెరుచుకునేది) తెరుచుకునేదాకా ఎక్కుతుంది. చాలా బళ్లలో అది 70 నుంచి 100 బార్ (ఒక బార్ దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత), కొన్నిటిలో ఇంకా ఎక్కువ. అంత ఒత్తిడిలో సూదిమొనంత బెజ్జం నుంచి చిమ్మే ఆయిల్ చేతి తొడుగును, చర్మాన్ని దాటి లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనిపిస్తుంది, మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండదు. అయినా అది వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన గాయం. ఆలస్యమైతే వేలు పోవచ్చు. అనుమానం ఉన్న చోట అట్టముక్క పెట్టి చూడండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

ఇక లీకు ఎక్కడిదో తేల్చడం. ఆయిల్ కిందకి కారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కి పాకుతుంది. అందుకే తడిసిన చోటల్లా లీకు చోటు కాదు. డీగ్రీజర్‌తో పంపు, హోస్, గేర్‌బాక్స్ శుభ్రంగా కడిగి ఆరనివ్వండి. హోస్ పొడుగునా టాల్కం పొడి పలచగా చల్లండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఇంకొకరిని కూర్చోబెట్టి స్టీరింగు నాలుగైదు సార్లు అటూ ఇటూ తిప్పించండి. చివర 3 సెకన్ల కన్నా ఎక్కువ పట్టి ఉంచకూడదు. ఇంజిన్ ఆపాక పొడి ఎక్కడ ముందు తడిసిందో, వాటిలో అన్నిటికన్నా ఎత్తున ఉన్నది ఏదో చూడండి. లీకు అదే.

పంపు షాఫ్టు సీలు కారినా, డబ్బా అడుగు ఓరింగు (సీలు చేసే రబ్బరు ఉంగరం) కారినా జిడ్డు చేరేది ఆ హోస్ మీదకే. అందుకే చాలామంది హోస్ మార్చి వారం తిరక్కుండా మళ్లీ ఇదే ప్రశ్నతో వస్తారు.

#3 ఓరింగు

బార్_నూరు గారు చెప్పింది చేశాక కూడా క్రింపు దగ్గరే తడి కనిపిస్తే ఇక అది బాగయ్యేది కాదు. లీకు ఆపే ద్రవాలని అమ్మేవి రబ్బరు సీళ్లను ఉబ్బించి పనిచేస్తాయి. క్రింపు లీకుకి అవి పనికిరావు, పైగా మంచి సీళ్లను మెత్తబరుస్తాయి. వాటి జోలికి పోవద్దు.

హోస్ ఒక్కటే చాలా అన్నదానికి: ఆయిల్ నల్లబడిందంటే లోపలి రబ్బరు పొర కూడా ఊడుతోందని అనుమానించాలి. ప్రెషర్ హోస్‌లో లోపల ఆయిల్‌కి తట్టుకునే రబ్బరు గొట్టం, దాని మీద అల్లిన దారపు పొర, పైన ఎండకీ వేడికీ ఓర్చే తొడుగు ఉంటాయి. లోపలి పొర చిరిగి నాలుకలా వేలాడితే బయటికి ఒక్క చుక్క కారదు. కానీ ఆయిల్ దారికి అడ్డం పడుతుంది. స్టీరింగు ఒకసారి తేలిగ్గా, ఒకసారి బరువుగా ఉంటుంది, పంపు మూలుగుతుంది.

అదే వయసున్న రిటర్న్ హోస్ (ఆయిల్‌ని తిరిగి డబ్బాకి తెచ్చేది), డబ్బా నుంచి పంపుకి వచ్చే సక్షన్ హోస్ కూడా ఇప్పుడే మార్చేయండి. ఎలాగూ ఆయిల్ దించుతున్నారు. వేలితో నొక్కితే గట్టిగా కర్రలా ఉన్నా, పిండిలా మెత్తబడినా, క్లాంపు కింద పగుళ్లున్నా దాని పని అయిపోయినట్టే.

#4 డీజిల్_దారి

అందరూ మార్చడం గురించే మాట్లాడతారు. ఆ హోస్‌ని చంపిందెవరో ముందు కనిపెట్టాలి అన్నా. లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. పికప్‌లలో కారణాలు దాదాపు ఇవే:

ఎగ్జాస్టు మానిఫోల్డు పక్కన ఉండాల్సిన, వేడి తగలనివ్వని రేకు ఎప్పుడో ఊడి పడిపోయి ఉంటుంది. రబ్బరు ఆ వైపు మాత్రమే పెళుసుగా, సన్నటి గీతలతో పగిలి ఉంటే కారణం వేడే.

హోస్‌ని పట్టి ఉంచే బ్రాకెట్టు బోల్టు లేదు. హోస్ ఫ్రేము అంచుకో బోల్టు తలకో రాసుకుంటూ ఉంటుంది. ఒకేచోట నున్నగా మెరుస్తూ అరిగి ఉంటుంది.

ఇంజిన్ మౌంటు (ఇంజిన్‌ని ఫ్రేము మీద మోసే రబ్బరు దిమ్మ) పోయింది. గేరు మార్చిన ప్రతిసారీ ఇంజిన్ ఊగుతుంది, దాంతోపాటు పంపు ఊగుతుంది. గేర్‌బాక్స్ ఫ్రేముకి బిగించి ఉంటుంది కాబట్టి కదలదు. ఆ కదలికంతా భరించాల్సింది మధ్యలోని చారెడు రబ్బరే. క్రింపు దగ్గరే చెమరుస్తోంది అంటున్నారు కాబట్టి మీ బండిలో ముందు చూడాల్సింది ఇదే. బానెట్ తెరిచి, హ్యాండ్‌బ్రేకు వేసి, బండి ముందు ఎవరూ లేకుండా చూసుకుని, ఇంకొకరితో క్లచ్ కొద్దిగా వదిలించి ఇంజిన్ ఎంత లేస్తుందో చూడండి.

వాల్వు కవరు నుంచి ఇంజిన్ ఆయిల్ కారి హోస్ మీద పడుతోంది. పై తొడుగు ఉబ్బి, జిగటగా, చర్మంలా ఊడి వస్తుంది.

పాతది తీసేముందు దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీయండి. బ్రాకెట్లు ఎక్కడున్నాయో, పైపు దేని కింద నుంచి పోయిందో తర్వాత గుర్తుండదు.

#5 మరచుట్టు

క్రింపు ప్రశ్న నాకు వదిలేయండి. పాత పైపు చివరలు తుప్పు లేకుండా బాగుంటే కొత్త రబ్బరు క్రింపు చేయించడం తప్పు కాదు. అయితే షాపులో చేతికి దొరికిన హైడ్రాలిక్ హోస్ వేయించకూడదు. ఎర్త్‌మూవర్లకు వాడే తీగ అల్లిన హోస్ ఒత్తిడిని బ్రహ్మాండంగా తట్టుకుంటుంది, కానీ బిర్రుగా ఉంటుంది. పవర్ స్టీరింగ్ హోస్ ప్రతి దెబ్బకీ కొంచెం ఉబ్బి ఆ అదురును మింగేలా తయారవుతుంది. ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ ప్రమాణాల్లో జే188 అంటే అలా ఎక్కువ ఉబ్బే రకం ప్రెషర్ హోస్, జే191 తక్కువ ఉబ్బే రకం, జే189 రిటర్న్ హోస్. గొట్టం మీదే అచ్చు ఉంటుంది, చదివి తీసుకోండి. బిర్రు హోస్ వేస్తే లీకు ఆగుతుంది, మూలుగు మొదలవుతుంది. ఆ మూలుగుకి పంపు మార్చినా లాభం ఉండదు.

ఇంకోటి. కొన్ని కంపెనీ హోస్‌ల లోపల వేలు పొడుగు నుంచి జానెడు దాకా ఉండే సన్నటి గొట్టమో లోహపు చుట్టో దాగి ఉంటుంది. శబ్దం తగ్గించడానికి పెట్టినది. పాత హోస్ కోసినప్పుడు అది బయటపడితే విరిగిన ముక్క అనుకుని పారేస్తారు. కొత్త గొట్టంలో దాన్ని అదే చివర, అదే పొడుగున మళ్లీ పెట్టించాలి.

ప్రెషర్ హోస్‌ని మధ్యలో కోసి, ఇనప గొట్టం దూర్చి, స్క్రూ క్లాంపులు వేసే పని మాత్రం చేయొద్దు. వంద బార్‌కి క్లాంపు నిలవదు. ఊడిందంటే ఆయిల్ పడేది కాలుతున్న ఎగ్జాస్టు మీద, అంటుకుంటుంది.

#6 ఓరింగు

మరచుట్టు గారితో ఒక్క చోట ఒప్పుకోలేను. పైపు చివరలు బాగున్నాయో లేదో బయటి నుంచి తెలియదు. పాత క్రింపు కోసి తీస్తే దాని కింద పైపు మీద గంటు పడి ఉంటుంది, ఆ గంటు దగ్గరే తుప్పు తింటుంది. రెడీమేడ్ హోస్ దొరికే బండికి రెడీమేడే మేలు. వంపులు కూడా బండికి సరిపోయేలా వస్తాయి. దొరకని పాత మోడళ్లకు క్రింపు సరే.

#7 మరచుట్టు

ఆ మాట నిజమే. గంటు కనిపిస్తే ఆ పైపు వాడకూడదు. గంటు పడిన చోటు వరకూ కోసేసి మిగిలిన పైపు మీద కొత్త ఫెర్రూల్ (నొక్కి బిగించే లోహపు తొడుగు) వేయగలిగే షాపైతేనే ఇవ్వండి. ఇంకా, క్రింపు చేసేముందు రెండు చివరల కోణం గుర్తు పెట్టించాలి. పాత హోస్ పొడుగునా చాక్‌తో తిన్నగా ఒక గీత గీసి ఇవ్వండి. కొత్తదాంట్లో చివర 20 డిగ్రీలు తిరిగినా బిగించేటప్పుడు రబ్బరు మెలి పడుతుంది, మెలిపడ్డ హోస్ క్రింపు దగ్గరే చస్తుంది.

#8 నాలుగు_చక్రాలు

పొడి చల్లి చూశాను. పంపు పొడిగానే ఉంది, తడి క్రింపు దగ్గరే. ఎడమవైపు ఇంజిన్ మౌంటు రబ్బరు చీలి ఉంది, డీజిల్_దారి గారు చెప్పినట్టే. రెండూ తెప్పిస్తున్నాను. హోస్ రెడీమేడ్ దొరికింది. ఇప్పుడు విప్పే పద్ధతి, సామాను చెప్పండి.

#9 పానా_పదహారు

సామాను ముందు: ఫ్లేర్ నట్ పానాలు (పైపు దూరేంత సందు వదిలి నట్టుని చుట్టూ పట్టేవి; 16, 17, 18, 19), మామూలు పానాలు, ప్లయర్, 3 లీటర్లు పట్టే ట్రే, ఆయిల్ పీల్చే సిరంజి, పాత గుడ్డలు, తుప్పు వదిలించే స్ప్రే, వైరు బ్రష్షు, టార్క్ రెంచి, జాకీ, రెండు స్టాండ్లు. కొత్త ఓరింగులు, రిటర్న్ హోస్‌కి కొత్త క్లాంపులు, ఆయిల్ 2 నుంచి 3 లీటర్లు.

ముందు రోజు రాత్రే రెండు నట్ల మీదా స్ప్రే కొట్టి వదిలేయండి. పని మొదలుపెట్టేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి, ఎలక్ట్రిక్ ఫ్యాను ఉంటే తనంతట తాను తిరగకుండా. వెనక చక్రాలకు అడ్డాలు పెట్టి, ముందు భాగం లేపి, స్టాండ్ల మీద దించండి. జాకీ మీద ఉన్న బండి కిందకి దూరొద్దు. పంపు కింద ఆల్టర్నేటర్ ఉంటే దాన్ని ప్లాస్టిక్ సంచితో చుట్టండి. బెల్టు మీద గుడ్డ కప్పండి. బెల్టు ఆయిల్ తాగితే కడిగినా జారుతుంది, మార్చాల్సిందే.

సిరంజితో డబ్బాలో ఆయిల్ పీల్చేయండి. డబ్బా అడుగున జాలీ ఉంటే టార్చి వేసి చూడండి. నల్లటి రబ్బరు పొడి పేరుకుని ఉంటే డబ్బా విప్పి కడగాలి, కడిగినా పోకపోతే మార్చాలి. జాలీ మూసుకుపోతే కొత్త హోస్ వేసినా పంపు మూలుగుతూనే ఉంటుంది.

ట్రే పెట్టి ముందు గేర్‌బాక్స్ వైపు నట్టు విప్పండి. కిందనే ఉంటుంది కాబట్టి హోస్‌లోని ఆయిల్ అక్కడి నుంచే దిగుతుంది. ఆ తర్వాత పంపు వైపు.

పంపు వైపు జాగ్రత్త. చాలా పంపుల్లో హోస్ నట్టు నేరుగా పంపులోకి పోదు. పంపుకి ఒక పెద్ద ఫిట్టింగు ఉంటుంది, హోస్ నట్టు దాంట్లో కూర్చుంటుంది. ఆ పెద్ద ఫిట్టింగు వెనకాలే ఫ్లో కంట్రోల్ వాల్వూ స్ప్రింగూ ఉంటాయి. మీరు చిన్న నట్టు తిప్పుతుంటే పెద్దది కూడా కలిసి తిరిగి వచ్చేస్తే అవి రెండూ ట్రేలో పడతాయి. అందుకని పెద్ద ఫిట్టింగుకి ఒక పానా పెట్టి ఆపి, చిన్న నట్టుని ఫ్లేర్ నట్ పానాతో విప్పాలి. పొరపాటున వాల్వు బయటికి వస్తే ఏ చివర ముందుందో చూసుకుని అలాగే పెట్టాలి, ఓరింగు కొత్తది వేయాలి.

ఇక ఇవన్నీ విప్పేముందు బ్రేకు బూస్టరు సంగతి. బరువు మోసే కొన్ని పికప్‌లలో బ్రేకుకి వాక్యూమ్ బూస్టరు ఉండదు, ఇదే పంపు ఆయిల్‌తో నడిచే హైడ్రోబూస్ట్ ఉంటుంది. పంపు నుంచి పైపు ముందు బ్రేకు బూస్టరుకి, అక్కడి నుంచి గేర్‌బాక్స్‌కి పోతుంది. దానికి ఒత్తిడి దాచుకునే అక్యుములేటరు ఉంటుంది. ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా పదిసార్లకి తక్కువ కాకుండా తొక్కాకే ఏ నట్టయినా ముట్టుకోండి.

#10 నాలుగు_చక్రాలు

నాది వాక్యూమ్ బూస్టరే. గేర్‌బాక్స్ వైపు నట్టు వచ్చింది. పంపు వైపు 18 పానా పట్టింది కానీ కదలడం లేదు, మూలలు కొంచెం అరిగాయి. వేడి చేయొచ్చా?

#11 పానా_పదహారు

మంట వద్దు, పక్కనే ఆయిల్ తడి ఉంది, పంపు సీళ్లున్నాయి.

పాత హోస్ ఎలాగూ పారేసేదే కదా. నట్టు వెనకాల నాలుగైదు సెంటీమీటర్లు వదిలి ఇనప పైపుని హ్యాక్సాతో కోసేయండి. ఇప్పుడు నట్టు మీదకి పైనుంచి ఆరు మూలల లోతు సాకెట్టు దిగుతుంది. పన్నెండు మూలలది వాడొద్దు. పెద్ద ఫిట్టింగుని పానాతో ఆపడం మరవకుండా, సాకెట్టుతో ముందు బిగించే వైపు అణువంత తిప్పి, పటుక్కుమన్నాక విప్పండి. హ్యాక్సా పొడి పంపులోకి పోకుండా నట్టు చుట్టూ తడిగుడ్డ చుట్టి ఉంచండి. రిటర్న్ పైపుని మాత్రం ఇలా కోయకండి, అది మళ్లీ వాడాలి.

#12 నాలుగు_చక్రాలు

వచ్చేసింది. పెద్ద ఫిట్టింగు కదల్లేదు. కొత్త హోస్ చివర చిన్న ఓరింగు ఉంది. పాతదాని చివర ఓరింగు కనిపించడం లేదు.

#13 ఓరింగు

ఆగండి. పాత ఓరింగు పంపు రంధ్రం అడుగున అంటుకుని ఉండిపోయింది. టార్చి వేసి చూడండి, నల్లటి ఉంగరంలా కనిపిస్తుంది. వంచిన మెత్తటి ప్లాస్టిక్ పుల్లతోనో ఇత్తడి కొక్కెంతోనో లాగండి, ఉక్కు పిన్నుతో గోకితే సీలు కూర్చునే చోట గీత పడుతుంది. దాని మీద కొత్త ఓరింగు పెట్టి బిగిస్తే రెండు ఓరింగులు ఒకదాన్నొకటి తోసుకుని మొదటి రోజే కారుతుంది. గేర్‌బాక్స్ వైపు రంధ్రమూ చూడండి.

చివరల రకాలు కూడా చెబుతాను, చదివేవాళ్ల బండి వేరే కావచ్చు:

ఓరింగు చివర. సీలు చేసేది రబ్బరు ఉంగరం, నట్టు దాన్ని పట్టి ఉంచుతుందంతే. ఎం16×1.5, ఎం18×1.5 మరలు (16 లేదా 18 మిల్లీమీటర్ల లావు, 1.5 మిల్లీమీటర్ల మర ఎడం) ఎక్కువ. 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగాలి. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

ఫ్లేర్ చివర. పైపు అంచు గంటలా విచ్చుకుని లోహం మీద లోహం కూర్చుంటుంది. ఓరింగు ఉండదు. టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. మర ఇక్కడ సీలు చేయదు. ఊడిన టేపు పోగు పోయి వాల్వులో ఇరుక్కుంటుంది.

బాంజో బోల్టు (మధ్యలో ఆయిల్ పోయే బోలు బోల్టు). అది దూరే పైపు చివరి కంటికి రెండు పక్కలా రాగి లేదా అల్యూమినియం వాషర్లు. ప్రతిసారీ కొత్తవే. పాతవి ఒకసారి నలిగి గట్టిపడ్డాయి, మళ్లీ సరిగ్గా కూర్చోవు.

తెల్లటి టెఫ్లాన్ ఉంగరం ఉన్న క్విక్ కనెక్ట్ చివర. బిగించాక కూడా పైపు కొంచెం తిరుగుతుంది, దాని తీరే అంత. తిరుగుతోందని ఇంకా బిగిస్తే నట్టో పంపో పగులుతుంది. ఆ ఉంగరాన్ని కోన్ మీదుగా సాగదీసి ఎక్కించి, మళ్లీ తన కొలతకి ముడుచుకునేలా సైజు గొట్టం తొడిగి కాసేపు వదలాలి.

#14 బార్_నూరు

కొత్తది పెట్టే వరస: ఓరింగుకి మీరు పోయబోయే ఆయిలే రాయండి, గ్రీజు వద్దు. రెండు చివరలూ వేళ్లతో మూడు నాలుగు మరలు ఎక్కించండి. వేళ్లతో ఎక్కకపోతే మర అడ్డం పడినట్టే, వెనక్కి తిప్పి మళ్లీ పెట్టండి. రెండూ ఎక్కేదాకా ఏదీ బిగించొద్దు. ఒక చివర ముందే బిగిస్తే రెండో చివర రంధ్రానికి వంకరగా వస్తుంది, జనం దాన్ని పానాతో లాగి కూర్చోబెడతారు, అల్యూమినియం పంపు మర పోతుంది.

తర్వాత బ్రాకెట్టు బోల్టులు వదులుగా పెట్టి హోస్‌ని దాని సహజమైన దారిలో కూర్చోనివ్వండి. ఎగ్జాస్టుకి, బెల్టుకి, ఫ్రేము అంచుకి వేలు మందమైనా ఎడం ఉండాలి. ఆ తర్వాత రెండు నట్లూ టార్క్‌కి, చివరగా బ్రాకెట్లు. మీరు మౌంటు కూడా మారుస్తున్నారు కాబట్టి మౌంటు ముందు, హోస్ తర్వాత. ఇంజిన్ తన ఎత్తుకి చేరాక కొత్త హోస్ ఏ వంపులో కూర్చోవాలో అప్పుడే తెలుస్తుంది.

రిటర్న్, సక్షన్ హోస్‌లకి రంధ్రాల పట్టీ ఉన్న స్క్రూ క్లాంపులు వేయకండి, రబ్బరుని కోస్తాయి. నున్నటి అంచున్న క్లాంపు లేదా స్ప్రింగు క్లాంపు. పైపు చివరి ఉబ్బు దాటాక 3 మిల్లీమీటర్లు లోపలికి క్లాంపు ఉండాలి, ఉబ్బు మీద కాదు. పెట్రోలు హోస్ వాడొద్దు, వేడి స్టీరింగ్ ఆయిల్‌కి చాలా రకాలు నిలవవు.

#15 డీజిల్_దారి

ఆయిల్ సంగతి ఎవరూ తేల్చలేదు. డబ్బా మూత మీద ఏది రాసుంటే అదే. కొన్నిటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ల ఆయిల్), అంటే డెక్స్‌రాన్ 3 లాంటి ఎర్ర ఆయిల్. కొన్నిటికి సీహెచ్‌ఎఫ్ 11ఎస్ లాంటి ఆకుపచ్చ సింథటిక్. కొన్ని కంపెనీలకు సొంత ఆయిల్ ఉంది. రంగు చూసి నిర్ణయించొద్దు, పాత ఆయిల్ రంగు ఎలాగూ మారి ఉంటుంది. రెండు రకాలు కలపొద్దు. బ్రేకు ఆయిల్ ఒక్క చుక్క పోసినా సీళ్లు ఉబ్బి మొత్తం గేర్‌బాక్స్ విప్పాల్సి వస్తుంది. సీసాలు పక్కపక్కన పెట్టుకోకండి.

మీ ఆయిల్ నల్లబడింది కాబట్టి ఫ్లష్ చేయండి, అంటే కొత్త ఆయిల్‌తో పాతదాన్ని కడిగి తోసేయడం. సిస్టంలో పట్టేది చాలా పికప్‌లకి సుమారు లీటరు, కడగడానికి ఇంకో లీటరు పైన. రిటర్న్ హోస్‌ని డబ్బా దగ్గర ఊడదీసి సీసాలోకి పెట్టండి, డబ్బా మూతిని రబ్బరు బిరడాతో మూయండి. చక్రాలు గాలిలో ఉండాలి, ఇంజిన్ ఆపే ఉండాలి. ఒకరు డబ్బా నింపుతూ ఉంటే ఇంకొకరు స్టీరింగు మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. సీసాలోకి శుభ్రమైన ఎరుపు వచ్చేదాకా. ఇంజిన్ నడిపి ఫ్లష్ చేస్తే పంపు కొన్ని సెకన్లలో డబ్బా ఖాళీ చేస్తుంది, ఆయిల్ లేకుండా తిరిగిన పంపు లోపలి వేన్లు (తిరిగే రెక్కలు) గీరుకుపోతాయి.

తీసిన ఆయిల్ మట్టిలో, కాలువలో పోయొద్దు. మూతున్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి.

#16 నాలుగు_చక్రాలు

రెండు పాత ఓరింగులూ లోపలే ఉన్నాయి, తీశాను. మౌంటు, మూడు హోస్‌లు మారాయి. ఫ్లష్ అయింది. ఇంజిన్ స్టార్ట్ చేస్తే స్టీరింగు తేలికైంది, లీకు లేదు. కానీ పంపు పెద్దగా అరుస్తోంది, డబ్బాలో ఆయిల్ గులాబీ రంగు నురుగు. పంపు పోయిందా?

#17 బార్_నూరు

వెంటనే ఆపేయండి. పంపు పోలేదు, గాలి ఉంది. నురుగు ఉన్న ఆయిల్‌ని ఎంత తిప్పినా గాలి బయటికి రాదు, ఇంకా చిలికి సన్నటి బుడగలవుతుంది. మజ్జిగ చిలికినట్టే. మూత తీసి గంట వదలండి, బుడగలు పైకి తేలి నురుగు అణుగుతుంది.

తర్వాత: చక్రాలు గాలిలో, ఇంజిన్ ఆఫ్. డబ్బా కోల్డు గీత దాకా నింపి, మూత తీసే ఉంచి, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా 20 సార్లు తిప్పండి. ఒక్కో చుట్టుకి ఐదారు సెకన్లు పట్టాలి, చివర తాకగానే వెనక్కి. ప్రతి నాలుగు సార్లకి మట్టం చూసి పోయండి. బుడగలు రావడం ఆగాక ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లోనే మళ్లీ అదే, పదిసార్లు. రేజు చేయొద్దు. చివర 3 సెకన్ల కన్నా ఎక్కువ పట్టొద్దు, పడితే ఆయిలంతా రిలీఫ్ వాల్వు గుండా తిరిగి క్షణాల్లో కాగుతుంది.

మొండి గాలికి చేతి వాక్యూమ్ పంపు వాడొచ్చు. డబ్బా మూతికి బిరడాతో బిగించి 20 అంగుళాల పాదరసం వరకు లాగి, పది నిమిషాలు పట్టి ఉంచాలి.

#18 నాలుగు_చక్రాలు

గంటన్నర వదిలి ఇంజిన్ ఆపి 20 సార్లు తిప్పాను, బుడగలు ఆగాయి. ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాల్లో మళ్లీ నురుగు. బయట ఎక్కడా ఒక్క చుక్క లేదు.

#19 ఓరింగు

ఇంజిన్ ఆపితే శుభ్రం, నడిపితే నురుగు, బయట లీకు లేదు అంటే గాలి సక్షన్ వైపు నుంచి దూరుతోంది. డబ్బా నుంచి పంపుకి వచ్చే హోస్‌లో ఇంజిన్ నడుస్తుంటే పంపు పీలుస్తుంది. అక్కడ క్లాంపు వదులైతే ఆయిల్ బయటికి రాకుండా గాలి లోపలికి పోతుంది. అందుకే అందరూ ప్రెషర్ హోస్ చుట్టూ తిరిగి అలిసిపోతారు, తప్పు ఇంకో చోట ఉంటుంది.

ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా, బెల్టుకి చేతులు దూరంగా పెట్టి, ఆ హోస్ రెండు చివరల మీదా సిరంజితో అదే ఆయిల్ చుక్కలు వేయండి. శబ్దం ఒక్క క్షణం తగ్గితే చోటు దొరికినట్టే. హోస్ లోపలి కొలత కూడా చూడండి. సక్షన్ హోస్ 16, 19 మిల్లీమీటర్లలో ఉంటుంది, ఒక సైజు పెద్దది వేసి క్లాంపుతో బిగిస్తే ముడత పడి గాలి దారి ఇస్తుంది.

#20 నాలుగు_చక్రాలు

పంపు వైపు చివర ఆయిల్ వేయగానే అరుపు ఆగింది. హోస్ సైజు సరిగ్గానే ఉంది. క్లాంపు పైపు ఉబ్బు మీద కూర్చుంది. వెనక్కి జరిపి బిగించి, మళ్లీ గంట వదిలి, గాలి తీశాను. ఇప్పుడు నిశ్శబ్దం, డబ్బాలో స్వచ్ఛమైన ఎరుపు.

#21 పానా_పదహారు

బాగుంది. ఇంకా మూడు పనులున్నాయి. చక్రాలు దించి, పావుగంట నడిపి, ఇంజిన్ వేడిగా ఉండగా హాటు గీత దగ్గర మట్టం సరిచూడండి. అంతకు మించి పోయకండి, వేడికి వ్యాకోచించి మూత నుంచి పొంగుతుంది. పాత జిడ్డంతా కడిగేయండి, లేకపోతే కొత్త లీకు వస్తే తెలియదు. 100 కిలోమీటర్లయ్యాక నట్లు, క్లాంపులు, బ్రాకెట్లు టార్చి వేసి చూడండి. నట్టు దగ్గర తడి ఉంటే ఇంకా బిగించడం మొదలుపెట్టకండి. ఒకసారి టార్క్‌కి బిగించాక కారుతోందంటే ఓరింగు నలిగిందో సీలు చోటు గీరుకుందో. విప్పి చూడాలి.

#22 నాలుగు_చక్రాలు

120 కిలోమీటర్లయింది. మట్టం గీత దగ్గరే ఉంది, నట్లు పొడిగా ఉన్నాయి. ఒక్క సందేహం: స్టీరింగు పూర్తిగా ఎడమకి తిప్పితే హోస్ ఫ్రేముకి దగ్గరగా వస్తోంది, తాకడం లేదు. గొట్టం తొడుగు చుట్టాలా?

#23 డీజిల్_దారి

ఎంత ఎడం ఉంది? పంపు, గేర్‌బాక్స్ స్టీరింగుతో కదలవు కాబట్టి హోస్ కూడా కదలకూడదు. కదులుతోందంటే ఒత్తిడికి బిగుసుకుని తిన్నబడాలని చూస్తోంది, లేదా మధ్య బ్రాకెట్టు వదులుగా ఉంది. తొడుగు చుడితే రాపిడి కనపడకుండా పోతుందంతే. ముందు బ్రాకెట్టు బోల్టు చూడండి.

#24 నాలుగు_చక్రాలు

బ్రాకెట్టు రబ్బరు బుష్షు లేదు, పాతదానితోపాటు పోయింది. కొత్త బుష్షు వేసి బిగించాను. ఇప్పుడు కదలడం లేదు, ఫ్రేముకి రెండు వేళ్ల ఎడం ఉంది.